కాలు వెతికిన చోటు

పోయిన వారం మనం బ్రేకుల బాబాయిని షెడ్డు షట్టరు ముందు, చేతిలో తాళాల గుత్తితో నిలబెట్టి వచ్చేశాం. పాపం వారం రోజులుగా అక్కడే ఉన్నాడు. మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే కథలో కాలు పెడుతున్నవాళ్ళకీ నాలుగు ముక్కలు చెప్పి అతన్ని కదిలిస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఈ షెడ్డులో మోటారు సైకిళ్ళు బాగుచేస్తున్న మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎక్కడా కుదరని బ్రేకు ఇక్కడ కుదురుతుందని బండి నడిపేవాళ్ళందరికీ గురి. అలాంటివాడు నాలుగు నెలల కిందట తన సొంత బండికి, మూడు వందల కిలోల ఆ క్రూయిజర్‌కి, వెనక బ్రేకు ప్యాడ్లు మార్చి, ఆయిలు మార్చి, చేతులు తుడుచుకున్నాడు. రెండో రోజు పొద్దున్నే బావమరిది ఆ బండి తీసుకెళ్ళి ఊరి చివర మలుపులో పడ్డాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రి మంచం మీంచి వాడన్న మాట ఒక్కటే: "బ్రేకు పట్టలేదు బావా." ఆ రోజు నుంచి బాబాయి ఎవరి బ్రేకూ ముట్టుకోలేదు. షెడ్డుని ఒక టైర్ల వ్యాపారికి అప్పగించడానికి ఒప్పుకున్నాడు. ఈ సాయంత్రం ఆరింటికి ఇంటికే వచ్చి తాళాలు తీసుకుంటానని ఆ వ్యాపారి కబురు పెట్టాడు.

ఇప్పుడు నాలుగు దాటింది. మొత్తానికి షట్టరు ఎత్తాడు.

లోపల చూడ్డానికి ఏమీ మిగల్లేదు. పానాలు, జాకీలు, డబ్బాలు అన్నీ నిన్ననే వ్యానులో ఇంటికి చేరాయి. గోడకి పానాలు వేలాడిన చోట వాటి ఆకారాలు మాత్రం మసి మధ్య తెల్లగా ఉండిపోయాయి. మూలన పాత దుప్పటి కప్పుకుని ఒకే ఒక్క బండి ఉంది. అది బావమరిది స్పోర్ట్స్ బైకు. దాన్ని వ్యానెక్కించడం మర్చిపోయాడని పోయిన వారం మీకు చెప్పాను గానీ, నిజానికి మర్చిపోలేదు. షెడ్డులో చివరిదాకా ఏదో ఒక బండి ఉండాలనిపించింది, అంతే. పొద్దున్నే వచ్చి బ్యాటరీకి ఛార్జింగు కూడా పెట్టి వెళ్ళాడు.

అలిసిపోవడానికి పని చేయక్కర్లేదని ఈ నాలుగు నెలల్లో అతనికి తెలిసొచ్చింది. పొద్దున లేచి, కూర్చుని, భోజనం చేసి, మళ్ళీ కూర్చుంటే చాలు, సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోతోంది. పది బండ్లు విప్పి బిగించిన రోజుల్లో కూడా ఇంత నీరసం ఎరగడు. ఒక్క దగ్గు మాత్రం పోయింది. రెండేళ్ళుగా వదలని దగ్గు. షెడ్డులో దుమ్ము, పొగ పీల్చడం మానకపోతే ఊపిరితిత్తులు నా చేతుల్లో ఉండవని డాక్టరు మొహం మీదే చెప్పాడు. భార్య బతిమాలింది, అలిగింది, ఒకసారి వారం రోజులు మాట్లాడ్డం మానేసింది. అతను చెవిన వేసుకుంటేగా. "ఇంకో ఏడాది చూద్దాం" అన్నాడు. ఆ ఏడాది రెండేళ్ళయింది. ఇప్పుడు షెడ్డు పోతోంది, దగ్గు పోయింది. దగ్గు పోయినందుకు సంతోషించే ఓపిక కూడా అతనికి లేదు.

దుప్పటి తీసి మడత పెట్టాడు. బండి ఎక్కి కూర్చున్నాడు.

స్పోర్ట్స్ బైకులు అతను విప్పుతాడు, బిగిస్తాడు గానీ నడపడు. నడుం ఒప్పుకోదు. రిపేరయ్యాక ట్రయల్ ఎప్పుడూ బావమరిదే వేసేవాడు. బాబాయి షెడ్డు గుమ్మంలో నిలబడి, వెళ్ళే చప్పుడూ వచ్చే చప్పుడూ విని, ఏ బోల్టు ఒక చుట్టు తక్కువైందో చెప్పేవాడు. అలాగని ఆ బండ్ల మీద నోరు చేసుకోకుండా ఉన్నాడనుకునేరు. బావా బావమరుదులు ఒకచోట కూర్చున్నారంటే మాట అక్కడికే పోయేది.

"నీది బండి కాదు బావా, సోఫా. కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఇంటి హాలునంతా రోడ్డు మీద తిప్పుకొస్తున్నావు" అనేవాడు వాడు.

"నీది మాత్రం బండేంట్రా, శిక్ష. బళ్ళో గోడకుర్చీ వేయించినట్టు ఆ వంగుడేంటి, ఆ మోకాళ్ళేంటి. డబ్బిచ్చి కొనుక్కుని మరీ శిక్ష అనుభవిస్తున్నావు" అనేవాడు ఇతను.

"మలుపులో పక్కకి వాలి చూడు, అప్పుడు తెలుస్తుంది. నేల మన మోకాలి దగ్గరికి వస్తుంది బావా."

"నేలని దాని మానాన దాన్ని ఉండనీరా. నేను దాని దగ్గరికి పోను, అది నా దగ్గరికి రాకూడదు. అదీ మా ఒప్పందం."

ఈ గోల నడుస్తుండగా ఒకరోజు భార్య కంచాలు తీస్తూ, "వెనక కూర్చునేవాళ్ళకి ఏది బాగుంటుంది?" అని అడిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక కూర్చున్న అనుభవం ఇద్దరికీ లేదు. ఆవిడ సమాధానం కోసం కాసేపు నిలబడి, కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బండి స్టార్టయింది. క్రూయిజర్‌ది బొంగురు గొంతు, ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. ఇది అలా కాదు, సన్నగా, చిరాగ్గా, ఎప్పుడెప్పుడా అని గునిసే గొంతు. క్లచ్ పట్టి గేరు వేసి, కుడిచేతి వేళ్ళు ముందు బ్రేకు లివర్ మీద పెట్టాడు. లివర్ హ్యాండిల్‌కి మరీ దగ్గరగా ఉంది. మనిషి చేతిని బట్టి దాన్ని దూరానికీ దగ్గరికీ జరుపుకోవడానికి ఓ చిన్న చక్రం ఉంటుంది. అది ఎంత దగ్గరికి తిరుగుతుందో అంతా తిప్పేసి ఉంది. బావమరిదివి చేటలంత చేతులు. ఇదేం ముచ్చటరా వీడికి అనుకున్నాడు. తిప్పి సరిచేద్దామనుకుని, ఇంటికి ఆరు కిలోమీటర్లేగా అని ఊరుకున్నాడు. ఓపిక లేనప్పుడు మెకానిక్కైనా ఊరుకుంటాడు.

బండిని బయటికి తెచ్చి, షట్టరు దించి తాళం వేసి బయల్దేరాడు.

మొదటి కిలోమీటరులోనే అతనికి బావమరిది మీద జాలేసింది. ఎలా నడిపాడురా ఈ బండిని ఎనిమిదేళ్ళు. ఛాతీ ట్యాంకు మీదకి వాలిపోయింది, పైబరువంతా మణికట్ల మీద పడింది. అద్దాల్లో చూస్తే వెనక రోడ్డు బదులు తన మోచేతులే కనిపించాయి. మోకాళ్ళు మడిచి, పాదాలు వెనక్కి లాగి పెట్టుకుని, ముసలి కప్పలా కూర్చున్నానని తనమీద తనకే నవ్వొచ్చింది. తన క్రూయిజర్ మీదైతే కాళ్ళు ముందుకు చాపి, వీపు నిటారుగా పెట్టి, చేతులు బల్ల మీద ఆనించినట్టు పెట్టుకోవచ్చు. ఇంజను కొట్టుకునే దెబ్బ సీటులోంచి నడుంలోకి ఎక్కి, అరగంటలో మనిషిని సగం నిద్రపుచ్చుతుంది. దాని మీద వెళ్ళేవాడికి ఎక్కడికో వెళ్ళాలన్న తొందర ఉండదు.

కానీ నాలుగో కిలోమీటరు దగ్గర, చెరకు తోటల పక్కన రోడ్డు మెలికలు తిరిగే చోట, ఇంకో సంగతి కూడా జరిగింది. అది కూడా చెప్పకపోతే బావమరిదికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. మలుపు వచ్చింది. క్రూయిజర్ అయితే ముందే నెమ్మదించి, హ్యాండిల్ పట్టి బతిమాలి తిప్పాలి. పెద్ద బీరువాని గుమ్మంలోంచి తెచ్చినట్టు అడుగడుగునా లెక్క చూసుకోవాలి. కొంచెం ఎక్కువ వాలిందా, కాళ్ళ కిందున్న ఫుట్‌బోర్డు రోడ్డుని గీరి హెచ్చరిస్తుంది. ఈ బండికి అవేమీ అక్కర్లేకపోయింది. అతను మలుపు చివరికి చూశాడు, బండి అక్కడికి వెళ్ళిపోయింది. బరువు లేదు, బతిమాలడం లేదు. ఒక్క క్షణం అతని ఒంట్లో ఇరవై ఏళ్ళ కిందటి మనిషెవరో లేచి కూర్చున్నాడు. బావమరిది ఎందుకంత మొండిగా వాదించేవాడో మొదటిసారి అర్థమైంది. ఆ మాట వాడితో చెప్పాలనుకున్నాడు. వెంటనే వాడి కాలు గుర్తొచ్చి, ఆ కాస్త ఉత్సాహమూ దిగిపోయింది.

ఇంటికి ఇంకో కిలోమీటరు ఉందనగా, ముందు వెళ్తున్న పార్సిల్ వ్యాను సందు వెతుక్కుంటూ ఉన్నపళంగా ఆగింది.

ఆలోచించే వ్యవధి లేదు. ఇరవై ఏళ్ళ అలవాటు దాని పని అది చేసింది. కుడికాలు లేచి, ముందుకు చాచుకుని, బలంగా తొక్కింది. అక్కడ పెడల్ లేదు. కాలు గాల్లోకి పోయి ఇంజను పక్క రేకుకి తగిలింది. బ్రేకు లివర్ మీద రెండు వేళ్ళు ఉండబట్టి సరిపోయింది. గట్టిగా లాగాడు. మిగతా రెండు వేళ్ళు లివర్ కింద పడి నలిగాయి. బండి వెనక చక్రం కాస్త లేచి, దబ్బున దిగి, వ్యాను తలుపుకి జానెడు దూరంలో ఆగింది. వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, తిట్టబోయి, ఎదురుగా తెల్లజుట్టు కనిపించేసరికి "చూసుకుని రండి పెద్దాయనా" అని ఊరుకున్నాడు.

బాబాయి బండిని రోడ్డు పక్కకి తీసి స్టాండు వేశాడు.  కిందికి చూశాడు. బ్రేకు పెడల్ దాని చోట అది ఉంది, తన నడుం కింద, వెనక్కి. తన కాలు వెతికింది అక్కడ కాదు. మూరెడు ముందు, క్రూయిజర్ పెడల్ ఉండే చోట వెతికింది.

అక్కడే, రోడ్డు పక్క రాతి మీద, నలిగిన వేళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఆలోచన మెల్లగా వచ్చింది, అలిసిపోయిన మనిషికి వచ్చినట్టే. ఈ బండి మీద నా కాలు ముందుకెళ్ళింది. మరి ఎనిమిదేళ్ళు ఈ బండి నడిపినవాడి కాలు, నా బండి మీద, ఎటు వెళ్ళి ఉంటుంది?

వెనక్కి. పెడల్ లేని చోటుకి.

బ్రేకు పట్టకపోవడం కాదు. వాడసలు బ్రేకు తొక్కలేదు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. దారినపోయేవాళ్ళు దుమ్ము పడిందనుకుంటారులే అనుకున్నాడు.

ఇల్లు చేరేసరికి ఐదున్నర. ముందు వసారాలో బావమరిది కుర్చీ మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, పాదం పైకీ కిందకీ ఆడిస్తున్నాడు. డాక్టరు చెప్పిన వ్యాయామం. ఆసుపత్రి నుంచి వచ్చాక అక్క దగ్గరే ఉంటున్నాడు. లోపల్నుంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ నలుగురికీ బట్టలు కుడుతుంది. రోజంతా ఆ మిషను తొక్కుతూనే ఉంటుంది. గోడవారగా క్రూయిజర్ ఉంది. ప్రమాదం రోజు వ్యానువాడు దించిన చోటే, పట్టా కప్పింది కప్పినట్టే ఉంది.

ఎవరి బండి వచ్చినా ముందు విప్పి చూసే మనిషి ఈ ఒక్క బండి మాత్రం చూడలేదు. ఈ నాలుగు నెలల్లో దాని పక్కనుంచే రోజూ పదిసార్లు తిరిగాడు. పట్టా అంచు కూడా ఎత్తలేదు. చూస్తే తన చేతుల తప్పు కళ్ళబడుతుందని భయం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు నేరుగా వెళ్ళి పట్టా లాగేశాడు. దుమ్ము లేచింది.

"ఇప్పుడెందుకు బావా అది?" అన్నాడు బావమరిది. ఆడిస్తున్న పాదం ఆగిపోయింది.

బాబాయి బండి చుట్టూ తిరిగి చూశాడు. కుడి అద్దం పగిలింది, హ్యాండిల్ వంగింది, కుడి ఫుట్‌బోర్డు అంచు అరిగిపోయి లోపలి లోహం మెరుస్తోంది. పెడల్ కాస్త పక్కకి తిరిగింది గానీ బాగానే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నొక్కాడు. కొంచెం దిగి, రాయిలా ఆగింది. మళ్ళీ నొక్కాడు. అక్కడే ఆగింది. లేచి, బండిని రెండు చేతులా పట్టుకుని ముందుకు తోశాడు. చక్రం కదలగానే కాలితో పెడల్ తొక్కాడు. అంత బండీ ఉన్నచోటే బిగుసుకుపోయింది.

నాలుగు నెలల తర్వాత కూడా ఎంత పట్టాలో అంతా పట్టింది. అతని చేతులు చేసిన పని చెక్కుచెదరలేదు. పెడల్ మీద కాలు అలాగే ఉంచి, బావమరిది వైపు తిరిగాడు.

"బ్రేకు బాగుందిరా."

"ఇప్పుడు బాగుందేమో బావా. ఆ రోజు..."

"నీ కాలితో పాటు విరిగి, నీ కాలితో పాటు అతుక్కోవడానికి అదేమన్నా ఎముకా?"

 బాబాయి వసారా మెట్టు మీద కూలబడి, దారిలో జరిగింది చెప్పాడు. వ్యాను ఆగడం, తన కాలు ముందుకెళ్ళడం, పెడల్ దొరక్కపోవడం. చెప్తున్నంతసేపూ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"నీ కాలు వెనక్కెళ్ళింది కదూ?" అన్నాడు చివరికి.

"అవును బావా." సమాధానం వెంటనే వచ్చేసింది. "నా కాలే. నా బండి అలవాటు. మలుపులో ఇసక చూసి కంగారుపడ్డా, పెడల్ దొరకలేదు. ముందు బ్రేకు గట్టిగా లాగేశా. చక్రం జారింది. సిగ్గేసి బ్రేకు మీద తోసేశా. నన్ను చెప్పుచ్చుకు కొట్టు."

"నాలుగు నెలలురా."

"తప్పయింది బావా."

"చెయ్యి వణికి చెంచా పట్టుకోలేకపోయాను కొన్నాళ్ళు. నువ్వు ఎదురుగానే కూర్చుని తిన్నావు."

బావమరిది తల ఎత్తలేదు. కోపం రావాల్సిన చోట బాబాయి మనసు తేలికపడింది. నెత్తి మీంచి మూట దించినట్టు మెడ కూడా లేచింది. తప్పు నాది కాదు. ఆ ముక్క లోపలికి కేకేసి భార్యకి చెబుదామని నోరు తెరిచాడు కూడా. అంతలో ఏదో ముల్లులా గుచ్చుకుంది.

బావమరిది పెద్ద షోరూంలో పనిచేస్తాడు. కొత్త బండి కొనడానికి వచ్చినవాళ్ళని ట్రయల్‌కి తీసుకెళ్ళడం వాడి ఉద్యోగం. పొద్దున్న స్పోర్ట్స్ బైకు, మధ్యాహ్నం క్రూయిజర్, సాయంత్రం స్కూటరు, ఎనిమిదేళ్ళుగా రోజుకి ఐదారు రకాలు నడుపుతాడు. వాడికో నియమం ఉంది. ఏ బండి ఎక్కినా, కదలబోయే ముందు కుడికాలితో మూడుసార్లు బ్రేకు తొక్కుతాడు. 'బండి కదిలే ముందు కాలికి దాని చోటు చూపించాలి సార్' అని కొనేవాళ్ళకి కూడా నేర్పుతాడు. తెలిసిన బండైనా సరే, షెడ్డులో జరపడానికి ఎక్కినా సరే, టక్ టక్ టక్. "కొబ్బరికాయ కూడా కొట్టరా" అని బాబాయి ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో లెక్కలేదు.

"ఆ రోజు మూడుసార్లు తొక్కావా?" అని అడిగాడు.

 "మర్చిపోయా."

"భోజనం మర్చిపోతావు నువ్వు. అది మర్చిపోవు."

"హడావిడిలో ఉన్నా బావా. వదిలెయ్. తప్పు నాదేనని ఒప్పుకున్నాగా."

"అదేరా నా బాధ. మరీ తొందరగా ఒప్పుకున్నావు."

బాబాయి లేచి స్పోర్ట్స్ బైకు దగ్గరికి వెళ్ళాడు. నలిగి ఎర్రబడ్డ రెండు వేళ్ళూ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత బ్రేకు లివర్ మీద చెయ్యి పెట్టాడు.

"రకరకాల బండ్లు నడిపేవాడి కాలు పొరబడదు. ఒకే బండి మీద నేర్చుకుని, ఇంకో బండి ఎప్పుడూ ఎక్కనివాళ్ళ కాలే ఇలా పోతుంది. నాకు పోయినట్టు." ఒక్కో మాటా ఆగి ఆగి అంటున్నాడు. "ఈ లివర్ నా చేతికి సరిపోలేదు. నీ చెయ్యి నాకంటే పెద్దది. ఎవరి చేతికి తిప్పావు దీన్ని?"

లోపల కుట్టుమిషను ఆగిపోయింది.

బావమరిది గుమ్మం వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. బాబాయి ఆ కష్టాన్ని చూశాడు. అతనికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ వారంలోనే భార్య మెట్ల మీద జారిపడ్డానని మోచేతికి కట్టు కట్టుకుంది. అప్పట్నుంచి ఇంత ఎండల్లోనూ మణికట్టు దాకా చేతులున్న బట్టలే వేసుకుంటోంది. అంతకుముందు కొన్ని నెలలపాటు, ప్రతి ఆదివారం పొద్దున్నే తమ్ముడికి టిఫిను ఇచ్చి వస్తానని షోరూం వైపు వెళ్ళేది. షోరూం వెనక ట్రయల్ కోసం పెద్ద ఖాళీ స్థలం ఉంది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెడలో టేపు ఇంకా అలాగే వేలాడుతోంది.

"వాణ్ణి అడక్కండి" అంది. "నేను చెప్పద్దన్నాను."

"అక్కా, నువ్వు లోపలికెళ్ళు."

"ఎన్నాళ్ళురా? చాల్లే."

ఆవిడ వచ్చి క్రూయిజర్ పక్కన నిలబడింది. కుడిచేతి బట్ట మోచేతి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం రోడ్డు మీద ఒరుసుకుపోయి మానిన మచ్చ.  నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఉండి బాబాయి ఆ చెయ్యి చూడలేదు. చూడకపోవడానికి ఆవిడ దాచడం ఒక్కటే కారణం కాదని కూడా తెలిసింది.

"నేనే నడిపాను. వాడు వెనక కూర్చున్నాడు. మలుపులో ఇసక ఉంది. పెడల్ కోసం వెతికానండీ. వాడి బండి మీదే నేర్చుకున్నానుగా, కాలు వెనక్కే వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. బండి నామీద పడలేదు, వాడి కాలు మీద పడింది."

"మూడుసార్లు తొక్కమని చెప్పాను" అన్నాడు బావమరిది నేల చూస్తూ. "తొక్కింది కూడా బావా. మూడుసార్లు తొక్కితే సరిపోతుందనుకున్నా. కాలు నేర్చుకోవడానికి సరిపోదని నాకు తెలియాలి. వెనక కూర్చున్నవాడిది తప్పు, నడిపినవాళ్ళది కాదు."

"నువ్వెందుకు..." బాబాయి భార్య వైపు తిరిగాడు.  "నా బండి ఎందుకు తీశావు?"

ఆవిడ కాస్త నవ్వింది. నవ్వులో కూడా అలసట ఉంది. "ఇరవై రెండేళ్ళు వెనక కూర్చున్నాను. మీ వీపు తప్ప ఏ దారీ చూడలేదు. ఆ రోజు మీ షెడ్డు ముందు బండి ఆపి, హారన్ కొట్టి, మిమ్మల్ని వెనక ఎక్కించుకుందామనుకున్నా. ఎలా ఉంటుందో చూడాలని. మీరేమంటారో వినాలని."

 బాబాయి ఆ మాటని మనసులో చూసుకున్నాడు. షెడ్డు ముందు హారన్ మోగడం, తను చేతులు తుడుచుకుంటూ బయటికి రావడం, ఆవిడ వెనక తను ఎక్కి కూర్చోవడం. ఎక్కేవాడే. ముందు నవ్వేవాడు, తర్వాత ఎక్కేవాడు. ఆవిడ మీద కోపం రావడం లేదు. కాలు పొరబడటం ఎలా ఉంటుందో గంట కిందటే తన ఒంటికి తెలిసింది.

"ఆసుపత్రికి నాతోనే వచ్చావు కదే. నేను ఎవరిదో స్కూటరు తీసుకుని ఇంటికొస్తే, నా వెనకే కూర్చుని వచ్చావు."

"వాణ్ణి అంబులెన్సు ఎక్కించి, ఎవరో కారాపితే ఎక్కి ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని కూర్చున్నా. మీరొచ్చేసరికి తలుపు తీశా. దారంతా చెప్పాలనే అనుకున్నా. అక్కడికెళ్ళేసరికి వీడు బ్రేకు అన్నాడు."

"సరే. ఆ రోజు భయం. తర్వాతో? నేను పడింది చూశావుగా. నా చేతుల మీద నాకే నమ్మకం లేకుండా పోయింది. ఒక్క మాట చెప్పొచ్చుగా."

వీధిలో కారు ఆగిన చప్పుడైంది. టైర్ల వ్యాపారి గేటు బయట నిలబడి, మర్యాదకి చిన్నగా దగ్గి, గొళ్ళెం తట్టాడు. ఆరుకి ఇంకా పది నిమిషాలుంది.

ఆవిడ అటు చూసింది. మళ్ళీ భర్త వైపు చూసింది.

"మొదటి పది రోజులూ భయమే. తర్వాత చెప్పేద్దామని ఒకరోజు గట్టిగా అనుకున్నా. ఆ రాత్రి మీరు దగ్గలేదు. తెల్లారేదాకా మేలుకుని విన్నా. ఒక్కసారి కూడా దగ్గలేదు. మర్నాడూ లేదు." మెడలో టేపు లాగి మడత పెట్టింది. "రెండేళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డాను, షెడ్డు మానలేదు. ఆ అబద్ధం ఒక్కరోజులో మాన్పించింది. నిజం చెబితే పొద్దున్నే మీరు షట్టరు ఎత్తేవాళ్ళు. అందుకే చెప్పలేదండీ. భయపడి కాదు. కావాలనే చెప్పలేదు."

గేటు గొళ్ళెం మళ్ళీ చప్పుడైంది. "ఎవరండీ లోపల?" అని పిలుపు వినిపించింది.

బాబాయి జేబులో చెయ్యి పెట్టాడు. తాళాల గుత్తి తగిలింది. ఇందాక పెడల్ మీద ఆనించిన చేత్తోనే దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళ పని తప్పు కాదని గంట కిందటే తెలిసింది. దాన్ని వదిలెయ్యమని అడుగుతున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

ఆవిడ మచ్చ ఉన్న చెయ్యి అతని ముందుకి చాపింది.

"ఇలా ఇవ్వండి" అంది. "నేనే ఇచ్చేసి వస్తాను."